ట్యూడర్ సైనికుల బొమ్మలకు రంగులు వేయడం: జెండాతో మొదలుపెట్టే పద్ధతి

ట్యూడర్ వంశం ఇంగ్లండును 1485 నుంచి 1603 దాకా, అంటే 118 ఏళ్ళపాటు ఏలింది. బాస్వర్త్ యుద్ధంలో ఏడవ హెన్రీ పక్షాన నిలిచిన విలుకాడినీ, ఎలిజబెత్ రాణి చివరి సంవత్సరాల్లో తుపాకీ మోసిన సిపాయినీ పక్కపక్కన నిలబెడితే, ఇద్దరూ ఒకే వంశపు కొలువులో పనిచేశారంటే నమ్మడం కష్టం. అందువల్ల ఈ బొమ్మల పని తలపెట్టినవారు రంగు సీసాల జోలికి వెళ్ళే ముందు, ఏ సంవత్సరపు సైన్యాన్ని ఎవరి జెండా కింద నిలబెట్టదలచారో తేల్చుకోవాలి.

మామూలుగా సైనికులందరికీ రంగులు పూర్తయ్యాక, చిట్టచివర జెండా తెచ్చి కర్రకు అతికిస్తారు. ట్యూడర్ సైన్యం విషయంలో ఈ వరుసను తిరగవేయడమే మేలని నా అభిప్రాయం. ఆ కాలపు పొడవాటి స్టాండర్డ్ జెండా నేల రంగులు సాధారణంగా ఆ ప్రభువు లివరీ రంగులే, అంటే ఆయన తన మనుషులకు కుట్టించి ఇచ్చే కోట్ల రంగులే. జెండాను ముందుగా తయారు చేసుకుంటే ఏ ఆకుపచ్చ, ఏ పసుపు కలపాలో అక్కడే తేలిపోతుంది, మిగిలిన రంగును మూత పెట్టి దాచి కోట్లకు వాడుకోవచ్చు. కోట్లు ముందు వేసి, జెండాను తర్వాత ఎక్కడినుంచో అచ్చు తీసి అతికిస్తే రెండు ఆకుపచ్చలూ కలవవు, కళ్ళు మొదట పట్టుకునేది ఆ తేడానే.

ఏ సంవత్సరం?

బాస్వర్త్ జరిగింది 1485 ఆగస్టు 22న, స్టోక్ ఫీల్డ్ జరిగింది 1487 జూన్ 16న. ఈ రెండు యుద్ధాలకూ గులాబీల యుద్ధాల (ఇంగ్లండు సింహాసనం కోసం సాగిన అంతర్యుద్ధాల) కాలపు బొమ్మలే సరిపోతాయి. పెర్రీ మినియేచర్స్ వారి ప్లాస్టిక్ కాలిబంటుల పెట్టె 1455 నుంచి 1487 వరకు అని పేరులోనే చెబుతుంది కనుక, కొత్తవారు దానితో మొదలుపెట్టడం తేలిక.

అసలు ట్యూడర్ రూపం కనిపించేది ఎనిమిదవ హెన్రీ కాలంనుంచే. 1513 సెప్టెంబరు 9న ఫ్లాడెన్‌లో స్కాట్లండువారిపై సర్రే ఎర్ల్ నడిపిన సైన్యం, అదే ఏడు ఫ్రాన్సులో రాజు స్వయంగా నడిపిన సైన్యం, 1544లో బూలోన్ కోటను పట్టుకున్న దండయాత్ర, 1547 సెప్టెంబరు 10న పింకీ యుద్ధం, ఇవన్నీ బొమ్మల పనికి మంచి వస్తువులు. వీటిలో కోట్లకు కుచ్చిళ్ళు పెరుగుతాయి, తలమీదికి చదునైన టోపీలు వస్తాయి, విల్లూ బిల్ అనే కొంకి ఈటే ఇంకా ప్రధానాయుధాలుగానే నిలుస్తాయి, వాటి పక్కన కిరాయికి వచ్చిన జర్మన్ పైక్ (చాలా పొడవాటి ఈటె) దళాలు చీలికల దుస్తులతో మెరుస్తూ ఉంటాయి. ఎలిజబెత్ కాలానికి వచ్చేసరికి మోరియన్ శిరస్త్రాణాలు, పైకులు, తుపాకులు ముందుకు వస్తాయి. విల్లును అధికారిక ఆయుధంగా ఇక లెక్కించవద్దని రాణి సలహామండలి అయిన ప్రీవీ కౌన్సిల్ 1595లో ఆజ్ఞ ఇచ్చింది. ఆ దశకు జెండాలూ వేరు, పద్ధతులూ వేరు కాబట్టి ఇక్కడ 1513, 1544 సంవత్సరాలనే ముందు పెట్టుకుంటాను.

జెండా తయారీ

ఆ కాలపు జెండాలన్నీ ఒక రకానివి కావు. చతురస్రానికి దగ్గరగా ఉండి ప్రభువు వంశచిహ్నాన్ని పూర్తిగా చూపేది బ్యానర్. పొడవుగా, చివరికి పోయేకొద్దీ సన్నబడి, కొసన రెండుగా చీలి ఉండేది స్టాండర్డ్. ఆశ్వికదళంవారి చిన్న జెండా గైడన్. బొమ్మల దళానికి ఎక్కువ అందం ఇచ్చేది స్టాండర్డే. దాని కూర్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: కర్రను ఆనుకుని తెల్లని నేలమీద ఎర్రని సెయింట్ జార్జ్ శిలువ, ఆ తర్వాత లివరీ రంగుల అడ్డపట్టీలు, వాటిమీద ప్రభువు గుర్తులు, ఏటవాలు పట్టీలమీద నినాదం, చుట్టూ లివరీ రంగుల్లో కుచ్చుల అంచు.

పొడవు విషయంలో ఆ కాలానికే ఒక నియమం ఉంది. యుద్ధంలో మోసే రాజు స్టాండర్డ్ ఎనిమిది తొమ్మిది గజాలు, డ్యూక్‌ది ఏడు, ఎర్ల్‌ది ఆరు, నైట్‌ది నాలుగు గజాలు ఉండాలి. 28 మి.మీ. బొమ్మలకు సుమారు 1:56 నిష్పత్తి పట్టుకుంటే, నైట్ జెండా 65 మి.మీ., సర్రే ఎర్ల్ జెండా 98 మి.మీ., రాజు జెండా కనీసం 130 మి.మీ. పొడవు అవుతుంది. లెక్క ప్రకారం ఇది సరైనదే అయినా, 130 మి.మీ. తోక పక్క దళం తలలమీదకి పోయి, ఈ బొమ్మలతో బల్లమీద ఆడే యుద్ధపు ఆటలో అడ్డు తగులుతుంది. రాజు జెండాను మూడోవంతు కుదించడంలో తప్పేమీ లేదు, కానీ అప్పుడు నైట్ జెండాను కూడా అదే పాళ్ళలో కుదించాలి. లేకపోతే హోదాల తేడా చెరిగిపోతుంది.

పల్చని కాగితం తీసుకుని జెండా రెండు ముఖాలను పక్కపక్కన, మధ్యలో కర్ర చుట్టడానికి 4 నుంచి 5 మి.మీ. వదిలి, పెన్సిలుతో గీయాలి. ఒక ముఖం గీశాక కాగితాన్ని మడిచి, వెలుతురు పడే కిటికీ అద్దానికి ఆనించి రెండో ముఖాన్ని దించుకోవచ్చు. ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. జెండాను ఏ వైపునుంచి చూసినా జంతువు కర్ర వైపే మొహం పెట్టి ఉండాలి, కాబట్టి రెండో ముఖం మొదటిదానికి అద్దంలో ప్రతిబింబంలాగా రావాలి. చతుర్భాగాలుగా ఉన్న రాజచిహ్నం గీసినా ఇదే నియమం: మొదటి భాగం ఎప్పుడూ కర్ర పక్కన పైన ఉంటుంది. అక్షరాలను మాత్రం తిప్పకూడదు, రెండు వైపులా చదవడానికి వీలుగా మళ్ళీ రాయాలి.

ఎనిమిదవ హెన్రీ రాజ బ్యానర్ వేయదలిస్తే నాలుగు భాగాల్లో మొదటిది, నాలుగోది నీలం నేలమీద మూడు బంగారు ఫ్లర్ ద లీ పువ్వులు. రెండోది, మూడోది ఎరుపు నేలమీద నడుస్తూ మనవైపు మొహం తిప్పిన మూడు బంగారు సింహాలు. ఇంత చిన్న పరిమాణంలో సింహాన్ని పూర్తిగా గీయాలని ప్రయత్నిస్తే ముద్దగా తేలుతుంది. వీపు గీతను ఒక మెలికగా, ఎత్తిన ముందు కాలిని ఒక చుక్కగా, వీపు మీదికి మడిచిన తోకను ఒక గీతగా వేసి ఆపితే అడుగు దూరంనుంచి అది సింహంగానే కనిపిస్తుంది.

రాజు స్టాండర్డ్‌లో పైన తెలుపు, కింద ఆకుపచ్చ, వాటిమీద ఎర్ర డ్రాగన్, గులాబీలు ఉంటాయి. ఈ డ్రాగన్ వేల్స్ పురాతన రాజైన కడ్వాలడర్ వారసత్వాన్ని చాటడానికి ఏడవ హెన్రీ ఎంచుకున్నది. బాస్వర్త్ గెలుపు తర్వాత లండన్‌లోని సెయింట్ పాల్ చర్చిలో ఆయన సమర్పించిన మూడు స్టాండర్డులలో ఒకటి సెయింట్ జార్జ్‌ది, ఒకటి తెలుపు-ఆకుపచ్చ పట్టుమీద ఎర్ర డ్రాగన్‌ది, ఒకటి పసుపు నేలమీద గోధుమరంగు ఆవుది. బాస్వర్త్ దళం కడుతున్నవారికి ఈ మూడూ వరుసగా నిలిపే అవకాశం ఉంది, ఆవు జెండాను దాదాపు ఎవరూ వేయరు గనుక నేనైతే దాన్నే ముందు వేస్తాను.

ట్యూడర్ గులాబీకి తేలికైన దారి ఇది. మొదట 3 మి.మీ. ఎర్ర చుక్క పెట్టి, దాని అంచుకు అయిదు చిన్న చుక్కలు తగిలిస్తే రేకులు వస్తాయి. అది ఆరాక మధ్యలో కొంచెం చిన్న తెల్ల గులాబీ అదే పద్ధతిలో వేసి, నడుమ పసుపు చుక్క పెట్టి, ఎర్ర రేకుల మధ్య సందుల్లో ఆకుపచ్చ మొనలు తాకించాలి. ఎరుపు వెలుపల, తెలుపు లోపల అన్నది మరవకూడదు.

బంగారానికి లోహపు మెరుపున్న రంగు వాడవద్దని గట్టిగా చెబుతాను. అసలు జెండాలమీద నిజమైన బంగారు రేకు ఉండేదన్నది వాస్తవమే కానీ, సీసాలో దొరికే బంగారు రంగులోని పొడి కణాలు ఈ పరిమాణంలో ఇసుకలాగా కనిపించి గీతల పదును చెడగొడతాయి. గోధుమ కలిసిన పసుపు వేసి, పైభాగాన లేత పసుపు, ఆపైన కొంచెం దంతపు తెలుపు తాకిస్తే కంటికి అదే బంగారం. చిహ్నశాస్త్రంలో బంగారం (పసుపు), వెండి (తెలుపు) లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ రంగులు. లోహంమీద లోహం, రంగుమీద రంగు పెట్టకపోవడం సాధారణ నియమం కాబట్టి, సొంతంగా ఒక చిన్న నైట్‌కు జెండా కల్పించేటప్పుడు దాన్ని పాటిస్తే చూసేవారికి అది నిజమైన జెండాలాగే తోస్తుంది.

నినాదాన్ని సన్నని మొన గల వాటర్‌ప్రూఫ్ పెన్నుతో రాయడం కుంచె కంటే నయం. మధ్య అక్షరాన్ని ముందు రాసి రెండు పక్కలకూ సాగితే చివరన చోటు చాలక అక్షరాలు నలిగిపోవడం ఉండదు.

రంగులన్నీ ఆరాక వెనుకభాగానికి నీళ్ళు కలిపిన పీవీఏ జిగురు పలుచగా రాసి, 1 మి.మీ. స్టీలు తీగ చుట్టూ మడిచి, రెండు ముఖాల అంచులూ కలిసేలా నొక్కాలి. జిగురు తడిగా ఉండగానే గుడ్డ మడతలు పడేలా వంచుకోవాలి. మడతలు నిట్టనిలువుగా కాకుండా, కర్ర పైకొస నుంచి కిందికి ఏటవాలుగా జారేలా ఉంటేనే బరువైన పట్టు గాలిలో ఊగినట్టు ఉంటుంది. ఆరిన తర్వాత మడతల శిఖరాలమీద ప్రతి రంగుకూ లేత ఛాయ, లోయల్లో ముదురు ఛాయ వేయాలి. చివరగా కాగితపు తెల్ల అంచు కనబడకుండా పక్క రంగుతో పూయాలి. ఈ ఒక్క పని మానేస్తే ఎంత అందమైన జెండా అయినా కాగితమేనని బయటపడిపోతుంది.

బొమ్మను సిద్ధం చేయడం

ప్లాస్టిక్ బొమ్మలకు ప్లాస్టిక్ సిమెంటు, లోహపు బొమ్మలకు సూపర్ గ్లూ వాడాలి. అచ్చు గీతలను పదునైన కత్తి వెనుకవైపుతో గీకి తీసేయాలి. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండవచ్చు కనుక ఆకురాయి పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు, పని తర్వాత చేతులు కడుక్కోవడం తప్పనిసరి. లోహంతో పోత పోసిన పైకులు వంగిపోతాయి, వాటిని కత్తిరించి చేతిలో మైక్రో డ్రిల్లుతో రంధ్రం చేసి స్టీలు తీగ దూర్చడం ఉత్తమం. పొడవులు ఇలా చూసుకోవాలి: ఎనిమిది అడుగుల బిల్ సుమారు 44 మి.మీ., ఫ్లాడెన్‌లో స్కాట్లండు దళాలు పట్టిన పద్దెనిమిది అడుగుల పైక్ సుమారు 98 మి.మీ. ఆ కొండవాలు కింద పొడవాటి పైకుల వరుస చెదిరిపోయి, పొట్టి బిల్‌లదే పైచేయి కావడం వల్లనే యుద్ధం తిరిగింది, స్కాట్లండు రాజు నాలుగవ జేమ్స్ అక్కడే నేలకూలి చనిపోయాడు. ఆ కథ బల్లమీద కనబడాలంటే రెండు ఆయుధాల పొడవుల్లో ఈ తేడా ఉండి తీరాలి.

మునుపటి కాలపు బొమ్మలను 1513కు మార్చాలనుకునేవారు గ్రీన్ స్టఫ్ అనే రెండు భాగాల ఎపాక్సీ పుట్టీని నేర్చుకోవాలి. పసుపు, నీలం పాళ్ళు సమానంగా కలిపి పచ్చగా అయ్యేదాకా పిసికి, పలుచని పట్టీలా చేసి నడుము చుట్టూ అంటించి, తొడల మీదికి దిగే కోటు కుచ్చిళ్ళను మొనదేరిన పరికరంతో పైనుంచి కిందికి లాగాలి. పరికరం అంటుకోకుండా తడుపుతూ ఉండాలి. తలలు మార్చి చదునైన టోపీ పెడితే చాలు, బొమ్మ ముప్పై ఏళ్ళు ముందుకు జరిగిపోతుంది. విలుకాళ్ళ కోసం మేరీ రోజ్ ఓడను గమనించాలి. అది 1545 జూలై 19న సొలెంట్ జలసంధిలో మునిగి 1982లో పైకి వచ్చింది. అందులో దొరికిన విల్లుల పొడవు సుమారు 1.9 నుంచి 2.1 మీటర్లు, అంటే బొమ్మ చేతిలో 34 నుంచి 38 మి.మీ. ఉండాలి. తోలు జర్కిన్లు (పైన తొడిగే బిగుతైన కోట్లు), ముంజేతి తోలు పట్టీలు కూడా అక్కడ దొరికాయి గనుక ప్రతి విలుకాడికీ ఉక్కు కవచం తొడగనక్కర లేదు.

కోట్లకు రంగులు

ప్రైమర్‌గా, అంటే రంగు పట్టుకోవడానికి వేసే అడుగుపూతగా, లేత బూడిద రంగు స్ప్రేను రెండు పలుచని పూతలుగా, గాలి ఆడే చోట కొట్టాలి. కవచం, ఆయుధాల ఉక్కును మొదట పూర్తి చేయడం మంచిది. ముదురు ఉక్కు రంగు వేసి, నల్లని వాష్ (నీళ్ళలా పలుచన చేసిన రంగు) పోసి, ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో వెండి రంగు రుద్దే పనిలో పక్కలకు మరకలు పడతాయి. అవి కోటు వేయకముందే పడితే నష్టం లేదు.

ఆ కాలపు రంగులన్నీ మొక్కలనుంచీ కీటకాలనుంచీ వచ్చినవి. సామాన్య సైనికుడి ఎరుపు మ్యాడర్ వేరు ఎరుపు, ఇటుక ఛాయలో ఉంటుంది. కెర్మెస్ కీటకంనుంచి తీసిన మండే ఎరుపు డబ్బున్నవారికే. నీలం వోడ్ ఆకుది, పసుపు వెల్డ్ మొక్కది, ఆకుపచ్చ ఆ రెండింటినీ ఒకదానిమీద ఒకటి అద్దినది. కాబట్టి సీసాలోని శుద్ధమైన రంగును నేరుగా వేయకుండా, దానికి కొద్దిగా గోధుమరంగు కలిపి మొదటి పూత వేయాలి. దళంలో ఒకే రంగు ఉన్నా పది బొమ్మలకు మూడు కొంచెం వేరైన కలపులు వాడితే వేర్వేరు అద్దకాల గుడ్డ అన్న భావం కలుగుతుంది. ప్రభువుకు, జెండా మోసేవాడికి మాత్రం సీసా రంగులో గోధుమ కలపకుండా వాడి, ఆ తేడాను హోదాగా మార్చుకోవచ్చు.

తెల్ల కోటు ఈ బొమ్మల్లో అతి కష్టమైన పని. అది అద్దకం లేని ఉన్ని, సున్నపు తెలుపు కాదు. గోధుమ కలిసిన లేత బూడిదతో మొదలుపెట్టి, లోయల్లో నీళ్ళగా చేసిన గోధుమ వాష్ పోసి, తర్వాత దంతపు తెలుపును పొరలు పొరలుగా మడతల మీదికి ఎక్కిస్తూ రావాలి. శుద్ధమైన తెలుపును భుజంమీద, మోచేతి కొసమీద మాత్రమే తాకించాలి. దానిమీద వేయవలసిన సెయింట్ జార్జ్ శిలువ చిన్నది కాకూడదు. 1513 యుద్ధ శాసనాలు ప్రతి సైనికుడూ పెద్ద శిలువ ధరించాలని ఆదేశించాయి. నిలువు గీతను ముందు, అడ్డగీతను తర్వాత వేసి, వంకరలను ఎరుపుతో దిద్దే బదులు తెలుపుతో కోసుకుంటూ రావడం తేలిక. శిలువ కూడా గుడ్డ మడతలతో పాటు వంగాలి, మడత నీడలో పడ్డచోట ఎరుపును గోధుమ కలిపి ముదురు చేయాలి.

రాజు సొంత రంగులైన తెలుపు-ఆకుపచ్చ కోటును నిలువుగా సగం సగం చేయడం కంటికి ఇంపుగా ఉంటుంది. నేడు ఎర్ర దుస్తులతో తెలిసిన యోమన్ ఆఫ్ ది గార్డ్ దళం 1485లో పుట్టింది, తొలి ట్యూడర్ల కాలంలో దానికి కూడా ఈ రెండు రంగులే తగినవి.

1544 దండయాత్రకు మాత్రం రాతపూర్వకమైన దుస్తుల ఆజ్ఞ ఉండడం బొమ్మలవారి అదృష్టం. నార్ఫోక్ డ్యూక్ నడిపిన ముందు దళానికి నీలం కోటు, దానికి ఎర్ర గుడ్డ అంచుపట్టీలు. మేజోళ్ళలో కుడికాలిది ఎరుపు, ఎడమకాలిది నీలం, ఆ నీలం కాలి వెలుపలి పక్కన పైనుంచి కిందికి మూడు వేళ్ళ వెడల్పున ఎర్ర చార. ఆ చార బొమ్మమీద 1 మి.మీ. కంటే కాస్త తక్కువ. ఎడమ కుడులు సైనికుడివి, చూసేవాడివి కావని ప్రతి బొమ్మకూ గుర్తుపెట్టుకోవాలి. బొమ్మను వెనుకనుంచి పట్టుకుని కాళ్ళకు రంగు వేస్తే ఈ గందరగోళమే ఉండదు. నీలం కోటును మొదట నల్లగా ఉండే నీలంతో మొదలుపెట్టి రెండు మెట్లలో పైకి తేవాలి, ఎర్ర అంచుపట్టీ వేశాక దాని పక్కనే ముదురు నీలంతో వెంట్రుకవాసి గీత గీస్తే రెండు గుడ్డలు కుట్టినట్టు కనిపిస్తుంది.

ముఖాలకు మాంసపు రంగు, ఎర్ర గోధుమ వాష్, ముక్కుమీద, చెంపలమీద లేత ఛాయ వేస్తే సరిపోతుంది. కంటిపాపలు గీయాలన్న పట్టుదల దళంలోని చివరి వరుస వాళ్ళకు అవసరం లేదు. జర్మన్ కిరాయి దళంవారికి మాత్రం ఓపిక దాచుకోవాలి: పైగుడ్డ రంగు మొత్తం వేసి ఆరాక, చీలికల్లోంచి కనబడే లోపలి గుడ్డను సన్నని గీతలుగా వేయాలి, అటునుంచి ఇటు చేస్తే పని రెట్టింపవుతుంది.

అమరిక

ముందు నిగనిగలాడే వార్నిష్, అది ఆరాక మెరుపు లేని వార్నిష్ వేస్తే రంగు ఊడదు, ఉక్కుమీద మాత్రం మళ్ళీ కొంచెం మెరుపు తాకించవచ్చు. ఫ్లాడెన్ దళానికి బ్రాంక్స్‌టన్ కొండ పాదంలోని బురద నేల కావాలి: పీవీఏ జిగురుమీద సన్న ఇసుక, ముదురు గోధుమరంగు, అక్కడక్కడ మెరుపు వార్నిష్ చుక్కలతో నీటి తడి, పైన సెప్టెంబరు నాటి వాడిన పచ్చిక. అదే గోధుమరంగును నీళ్ళగా చేసి సైనికుల చెప్పులకూ, మేజోళ్ళ కిందిభాగానికీ తాకించాలి. ఆ యుద్ధంలో డరమ్‌నుంచి తెచ్చిన సెయింట్ కత్‌బర్ట్ పవిత్ర ధ్వజం కూడా ఇంగ్లండు పక్షాన ఎగిరింది గనుక, సర్రే ఎర్ల్ స్టాండర్డ్ పక్కన దానికొక చోటు ఉంచవచ్చు.

జెండా మోసేవాడిని మొదటి వరుసలో కాకుండా రెండో వరుస మధ్యలో, కర్రను కాస్త ముందుకు వంచి నిలపాలి. అప్పుడు తోక సొంత దళం మీదుగా వెనక్కి పోతుంది, పక్క దళానికి తగలదు. కర్రను చేతికి శాశ్వతంగా అతికించకుండా, పిడికిలిలోనూ పాదం పక్కన అడుగుపలకలోనూ 1 మి.మీ. కంటే కొద్దిగా పెద్ద రంధ్రాలు చేసి తీగను దూర్చి ఉంచితే, పెట్టెలో సర్దేటప్పుడు జెండాలను బయటికి తీసి వేరే గొట్టంలో పెట్టుకోవచ్చు. అదే సైనికుడికి మరో యుద్ధంలో మరో ప్రభువు జెండా కూడా ఇవ్వవచ్చు, కోటు రంగులు కలిసినంత వరకు.